తొలినాళ్ల ఆసరా

సూరత్ నగరపు అమ్రోలిలో కూర్చుండి అనువాదాలు చేసే నేను, నకలులో ఒక అక్షరం తప్పితే దిద్దుకోగలను. జీవకణంలో జన్యువు నకలు తీసేవేళ దొర్లిన తప్పు దిద్దుబాటుకు నోచుకోకపోతే, ఒక్కొక్కప్పుడు కాన్సరుగా పరిణమిస్తుంది. ఆ తప్పును వెదకడం ఏళ్ల తరబడి సాగే పని. మేరీ క్లేర్ కింగ్ 1974లో, తన 28వ ఏట, వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము కాన్సరుపై పరిశోధనకు పూనుకున్నారు. దానికి కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉన్నదని 1990లో గాని నిరూపించలేకపోయారు.

యువ శాస్త్రజ్ఞునికి తొలినాళ్ల ఆసరా ఎంతటిదో తెలుగువారికి వేరే చెప్పాలా? యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరడానికి మామగారు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పడ్డారు. అక్కడ పొట్ట గడవడానికి ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. 1947-48లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు పిల్లలు 16 మందికి ఇచ్చిన అమినోప్టెరిన్, సుబ్బారావు బృందం రూపొందించినదే. పదిమందికి, తాత్కాలికంగానైనా, గుణమిచ్చింది. కణంలో డి.ఎన్.ఎ. తయారీకే అడ్డుపడే మందు అది!

హైదరాబాదు కేంద్రంగా 2008లో ఆరంభమైన ఇండియా అలయన్స్, వృత్తిలో అడుగిడుతున్న శాస్త్రజ్ఞులకు ఐదేళ్ల ఫెలోషిప్పులు ఇచ్చింది. మంచిదే. కింగ్‌కు పట్టిన పదహారేళ్లలో అది మూడవ వంతు కూడా కాదు.