పరభక్షక పురుగుకు ఒడ్డే ఆధారం

మిత్ర పురుగుల సంరక్షణను బోధించేటప్పుడు జాతుల పేర్లకు, గుర్తింపు లక్షణాలకు లభించే ప్రాధాన్యం వాటి నివాస స్థలానికి లభించడం లేదు. ఈ లోపం ఎంత పెద్దదో ఐరోపాలోని కార్పేథియన్ పర్వతాల ఊటవాగులలో జీవించే కారబస్ వేరియోలోసస్ అనే నేల పెంకు పురుగు తెలుపుతుంది.

1787లో ఫాబ్రిషియస్ వర్ణించిన ఈ నల్లని పురుగు పొడవు సుమారు 2 నుండి 3 సెంటీమీటర్లు. అడవి నీడలో, తడి ఆరని బురద ఒడ్డున సంచరిస్తూ, లోతులేని నీటిలో మునిగి కూడా వేటాడుతుంది. జలకీటకాల లార్వాలు, నత్తలు, చిన్న క్రస్టేషియన్లు దీని ఆహారం. వసంతంలో సంతానోత్పత్తి జరుగుతుంది. పెద్ద పురుగులు ఒడ్డున కుళ్లిన దుంగలలో చలికాలం గడుపుతాయి.

ఈ పురుగు ఎగరలేదు. నీటి అంచును విడిచి సాధారణంగా దూరం పోదు. అందువల్ల ఊటను మళ్లించినా, నీడనిచ్చే చెట్లను నరికినా, కుళ్లిన దుంగలను తొలగించినా అక్కడి సంతతి నశించవచ్చు. పక్క లోయ నుండి పురుగులు వచ్చి ఆ లోటును పూరించడం మిక్కిలి కష్టం. ఐరోపా సమాఖ్య ఆవాసాల ఆదేశం ఈ జాతికి రక్షణ కల్పించడంతోపాటు, దాని ఆవాసాలను సంరక్షణ ప్రాంతాలుగా గుర్తించాలని కోరడం ఇందుకే సమంజసం.

తెలుగు రాష్ట్రాల వరి చేలలో ఆకుముడత పురుగును తినే ఓఫియోనియా కూడా కారబిడే కుటుంబానికి చెందినదే. దాని జీవన విధానం వేరైనా, దానికీ ఆశ్రయం కావాలి. చేను దున్ని నీరు పెట్టినప్పుడు నేలపై తిరిగే పరభక్షకులకు మిగిలేది గట్టు. గట్లపై గడ్డి హానికర పురుగులకు, ఎలుకలకు కూడా చోటిస్తుందన్న ఆక్షేపణ నిరాధారం కాదు. అయితే దానికి పరిష్కారం గట్లన్నిటినీ ఒకేసారి చెక్కివేయడం కాదు. కొన్నింటిని విడతలుగా శుభ్రం చేసి, రెండు పక్షాల పురుగులనూ లెక్కించి, ఆ ఫలితంపై సిఫారసు చేయడం శాస్త్రీయం.

విద్యార్థులు ఎరలో పడిన పురుగుల సంఖ్యతోపాటు ఆ ఎర గట్టుకు, నీటికి, నీడకు ఎంత దూరంలో ఉన్నదో కూడా నమోదు చేయాలి. ఆ వివరం లేని లెక్క పురుగు ఉన్నదని మాత్రమే చెబుతుంది. దానిని నిలుపుకొనే మార్గం చెప్పదు. రైతుకు కావలసినది ఆ మార్గమే.