రెండో అప్పీలుకు గడువేది?

సమాచార హక్కు చట్టం, 2005లో దాదాపు ప్రతి మెట్టుకూ గడువుంది. పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోగా అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆయన 30 రోజుల్లో, జాప్యానికి కారణాలు రాసిపెడితే 45 రోజుల్లో తేల్చాలి. అప్పటికీ సమాచారం రాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవాలి. కమిషన్ మాత్రం ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం చెప్పలేదు.

ఈ లోపం అందరినీ ఒకేలా దెబ్బతీయదు. పీహెచ్‌డీ సీట్లలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఎలా అమలైందో అడిగిన విద్యార్థికి జవాబు ఆ ఏడాదే కావాలి. సీట్లు నిండాక వచ్చిన కాగితం సీటు తెచ్చిపెట్టదు. పలుకుబడి ఉన్నవాళ్లు ఒక ఫోన్‌తో తెలుసుకుంటారు. దళిత, ఆదివాసీ విద్యార్థులకు మిగిలేది అర్జీ ఒక్కటే. కమిషన్‌లో కమిషనర్లే లేకపోతే ఆ దారీ మూసుకుపోతుంది. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా జరిగిందిదే. ఖాళీలు నింపకపోతే చట్టం నిర్జీవమవుతుందని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

చట్టంలో బలం లేక కాదు. సెక్షన్ 19(5) ప్రకారం నిరాకరణ సబబేనని నిరూపించాల్సింది అధికారే. సెక్షన్ 20 కింద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. 19(8) కింద దరఖాస్తుదారుకు పరిహారం ఇప్పించొచ్చు, సమాచారాన్ని ప్రచురించమని సంస్థను ఆదేశించొచ్చు. ఒక విద్యార్థి అప్పీలు మీద రోస్టర్ రిజిస్టరును ఏటా వెబ్‌సైట్‌లో పెట్టమని కమిషన్ ఆదేశిస్తే, తర్వాతి బ్యాచ్‌కు అప్పీలు అవసరమే ఉండదు. పెండింగ్ తగ్గే దారీ అదే.

వ్యక్తిగత సమాచారం పేరిట తిరస్కరించడం ఇప్పుడు మరింత తేలికైంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 సెక్షన్ 8(1)(జె)ని సవరించి, అందులోని ప్రజాప్రయోజన వెసులుబాటును తీసేసింది. అయితే 8(2) ఇంకా ఉంది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని అది చెబుతోంది. అప్పీలు రాసేవారు దాన్ని తప్పక ప్రస్తావించాలి.

హక్కుకు రక్షణ మార్గం లేకపోతే అది ఉత్త మాటేనని అంబేద్కర్ ఉద్యమానికి తెలుసు. ఆయన రాజ్యాంగానికి ఆత్మ అన్నది ఆ రక్షణ మార్గాన్నిచ్చే అధికరణాన్నే. కాబట్టి రెండో అప్పీలుకు చట్టంలోనే గడువు పెట్టాలి. ఖాళీ ఏర్పడే ఒకటి రెండు నెలల ముందే నియామక ప్రక్రియ మొదలవ్వాలని, మాజీ అధికారులనే కాక ఇతర రంగాలవారినీ తీసుకోవాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఇతర రంగాల్లో దళిత, ఆదివాసీ, బహుజన న్యాయవాదులు, అధ్యాపకులు, పాత్రికేయులు ఉన్నారు. వారికి కమిషన్లలో చోటు దక్కాలి.