కానుకా, బాకీనా?

2008 నవంబరులో లండన్ హైకోర్టుకు ఒక వింత తగాదా వచ్చింది. దావా వేసింది బహ్రెయిన్ రాజు హమద్ కొడుకు షేక్ అబ్దుల్లా. ప్రతివాది మైకేల్ జాక్సన్. 2005 జూన్‌లో కాలిఫోర్నియా కోర్టు నిర్దోషిగా విడిచిపెట్టాక జాక్సన్ పిల్లల్ని వెంటబెట్టుకుని బహ్రెయిన్ చేరాడు. షేక్ ఇల్లిచ్చాడు, ఖర్చులు భరించాడు, టూ సీస్ రికార్డ్స్ అని ఒక సంగీత సంస్థ పెట్టాడు. కొత్త ఆల్బమ్, ఆత్మకథ, రంగస్థల ప్రదర్శన అంటూ చాలా అనుకున్నారు. ఒక్కటీ తెమలలేదు. డెబ్బై లక్షల డాలర్లు తిరిగి ఇప్పించమని షేక్ కోర్టుకెక్కాడు. అవన్నీ ఆయన ప్రేమతో ఇచ్చిన కానుకలు, అప్పులు కావు అన్నది జాక్సన్ వాదన. సాక్ష్యం చెప్పడానికి లండన్ విమానం ఎక్కాల్సిన సమయానికి రాజీ కుదిరింది. ఆ సొమ్ము కానుకో బాకీనో కోర్టు తేల్చాల్సిన అవసరం లేకపోయింది.

ఖ్యాతి మీద పీజీ చదువులు నడిపేవాళ్లు నన్ను అడిగితే (అడగరనుకోండి) మొదటి పాఠంగా ఈ దావానే పెట్టమంటాను.

ఇలాంటి చదువులు ఉన్నాయా అని ఆశ్చర్యపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. 2011లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం లేడీ గాగా ఖ్యాతి మీద సోషియాలజీ కోర్సు పెట్టింది. 2023లో టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం హ్యారీ స్టైల్స్ మీద పెట్టింది. 2010 నుంచి 'సెలబ్రిటీ స్టడీస్' అని ఒక పరిశోధన పత్రికే వస్తోంది. ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే నవ్వు: 'డబ్బులెక్కువైన దేశాలు, ఏదైనా చదువుతాయి!' 1982 మార్చిలో పార్టీ పెట్టిన నటుణ్ని పది నెలలు తిరక్కముందే ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లం మనం. ఈ విషయంలో నవ్వే హక్కు భూమ్మీద అందరికంటే తక్కువ ఉన్నది మనకే.

అయితే ఆ పాశ్చాత్య పాఠ్యాంశాలతో నాకో పేచీ ఉంది. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పండితులు ఒక వ్యాసం రాశారు. టీవీలో కనిపించే మనిషితో ప్రేక్షకుడికి చుట్టరికం లాంటిది ఏర్పడుతుంది, కానీ అది ఒకవైపే నడుస్తుంది, అవతలివాడికి ఇతనెవరో తెలియదు అన్నారు. ఆ శాస్త్రంలో చాలా భాగం దీని మీదే నిలబడింది. ఇంట్లో ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న అమెరికన్‌కు ఇది సరిపోవచ్చు. వందమందిని పోగుచేసి థియేటర్ ముందు నలభై అడుగుల కటౌట్ కట్టించి, దండకు చందాలు వసూలు చేసినవాడికి సరిపోదు. వాడు ఇచ్చేది పెళ్లిలో చదివింపుల్లాంటిది. పైకి కానుకే. ఎవరెంత ఇచ్చారో మాత్రం ఒక పుస్తకంలో రాసే ఉంటుంది, ఏదో ఒక నాటికి తిరిగి రావాల్సిందే.

ఈ సంగతిని మనవాళ్లు కనిపెట్టలేదా అంటే, బ్రహ్మాండంగా కనిపెట్టారు. ఎస్.వి. శ్రీనివాస్ తొంభైల్లోనే ఆంధ్ర పట్టణాల అభిమాన సంఘాల మీద పరిశోధన చేశారు. 2009లో చిరంజీవి మీద 'మెగాస్టార్' అనే పుస్తకం తెచ్చారు. అభిమాని ఉత్త భక్తుడు కాదనీ, హీరో ఎలా ఉండాలో తాను చెప్పగలనని నమ్మే హక్కుదారు కూడా అనీ ఆయన వాదించారు. తమిళనాట ఎం.జి.ఆర్. మీద పాండియన్ పుస్తకం 1992లోనే వచ్చింది. హైదరాబాద్ ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఉండి మాధవప్రసాద్ 2014లో, ఉమామహేశ్వరి భృగుబండ 2018లో తమ తమ పుస్తకాలు వేశారు. అన్నీ గట్టి పుస్తకాలే. అన్నీ రాసింది ఇంగ్లీషులో. ఎవరి గురించి రాశారో ఆ మనిషి చదవలేని భాషలో ఉన్న శాస్త్రం ఇది. ఆ మనిషి చదివి 'అది తప్పు సార్, మా ఊళ్లో అలా కాదు' అనే అవకాశమే లేని శాస్త్రం. నా అభ్యంతరం భాషాభిమానంతో కాదు. సాక్షిని ఒకసారి విని పంపించేసి, అతని మీద రాసిన నివేదికను అతనికి చూపించకపోతే ఆ విచారణ సగమే అయినట్టు.

ఆ సాక్షి దగ్గరికి మళ్లీ వెళ్లాలి. అందుకే బహ్రెయిన్ అంటున్నాను.

ఈ చిన్న ద్వీపం ఖ్యాతిని కొనడం ఎప్పుడో నేర్చింది. 2004లో సఖీర్ ఎడారిలో గల్ఫ్‌లోనే తొలి ఫార్ములా వన్ పందెం నడిపించింది. 2012 చివర్లో కిమ్ కార్దాషియన్ ఒక మిల్క్‌షేక్ దుకాణం కోసం వస్తే, ఆమె రాకను నిరసించినవాళ్ల మీద పోలీసులు బాష్పవాయువు వదిలారు. మిల్క్‌షేక్‌కు బాష్పవాయువు! దాని మీద ఇంకా ఎవరైనా థీసిస్ రాయాలి. 2006 జనవరిలో మనామాలోని ఒక మాల్‌కు జాక్సన్ నల్ల అబాయా తొడుక్కుని, మొహానికి ముసుగేసుకుని వచ్చాడు. ఫొటోగ్రాఫర్లు అయినా పట్టేశారు. దాక్కోవడానికి వచ్చిన చోట కూడా ఖ్యాతి అతన్ని వదల్లేదు.

నాకు ఇంతకంటే ముఖ్యమైనవాళ్లు అదే బహ్రెయిన్‌లో ఇంకోచోట ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కోనసీమ, కడప నుంచి వచ్చి లేబర్ క్యాంపుల్లో ఉంటున్న తెలుగువాళ్లు. ఒక రూములో ఎనిమిదిమంది ఉంటే, ఎవరు ఏ హీరో మనిషో మొదటి వారంలోనే తేలిపోతుంది. కంపెనీకి అతను ఒక సీపీఆర్ గుర్తింపు కార్డు నంబరు. కఫీల్‌కు, అంటే స్పాన్సర్‌కు, ఒక పాస్‌పోర్టు. ఇంటికి నెలనెలా వచ్చే డబ్బు. కొత్త సినిమా రోజున మాత్రం అతనికి ఒక పక్షం ఉంటుంది, పక్కవాడితో గొడవపడే కారణం ఉంటుంది. ఒక దినార్ అంటే రెండు వందల రూపాయల పైమాట. టికెట్‌కు ఎన్ని దినార్లు పోతాయో తెలిసే వెళతాడు. హీరో పుట్టినరోజుకు గల్ఫ్‌లో కూడా రక్తదాన శిబిరాలు పెడతారు. చిరంజీవి 1998లో బ్లడ్ బ్యాంకు పెట్టాక, అభిమానంలో రక్తం కూడా ఒక చెలామణి అయింది. డబ్బు, ఓటు, రక్తం. హోర్టన్, వోల్ గార్ల టీవీ ప్రేక్షకుడు ఈ మూడింట్లో ఒక్కటైనా ఇచ్చాడా?

ఇక అవతలి పద్దు చూడాలి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్‌కు హీరో వచ్చాడు. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ప్రాణం మీదికి వచ్చింది. వారం దాటాక అల్లు అర్జున్‌ను అరెస్టు చేశారు, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. తర్వాత నెలంతా టీవీల్లో తప్పు పోలీసులదా, థియేటర్‌దా, హీరోదా అన్న వాదన సాగింది. చట్టం తన పద్ధతిలో అది తేలుస్తుంది. మన దగ్గర ఎవరూ పెద్దగా అడగనిది వేరే ఉంది: తనను చూడ్డానికి వచ్చినవాడికి తార ఏమైనా బాకీ ఉన్నాడా? ఉంటే ఎంతవరకు? రజనీకాంత్ తన పేరును, పోలికను ఇతరులు వాడుకోకూడదని మద్రాసు హైకోర్టుకు వెళితే 2015లో ఆయన పక్షాన ఉత్తర్వు వచ్చింది. ఖ్యాతి తార ఆస్తి అని చట్టం ఒప్పుకుంది. ఆ ఆస్తిని ఇటుక మీద ఇటుక పేర్చినవాళ్లకు అందులో వాటా ఉందా అనే పిటిషన్ మాత్రం ఎవరూ వేసినట్టు లేదు.

'ఈ చదువుకు ఉద్యోగాలొస్తాయా?' అని తండ్రులు అడుగుతారు. ప్రకటనల ఒప్పందాలు, పేరు మీద హక్కులు, ఎన్నికల ప్రచారం నడిచే ఊళ్లో రాకపోవడమేమిటి? తెలుగు రాష్ట్రాల జర్నలిజం శాఖలు ఎం.ఏ.లో దీన్ని ఒక పేపరుగా పెట్టాలి, తెలుగులోనే పెట్టాలి. మొదటి విద్యార్థిని తారల ఇళ్లకు పంపకూడదు, వాళ్ల ఇంటర్వ్యూలు మనకు చాలానే ఉన్నాయి. అభిమానం మానేసినవాళ్ల దగ్గరికి పంపాలి. 2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి పార్టీ ప్రజారాజ్యం పుట్టింది, 2009లో 18 సీట్లు గెలిచింది, 2011లో కాంగ్రెసులో కలిసిపోయింది. ఆ మూడేళ్లలో సొంత డబ్బుతో జెండాలు కట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. షేక్ అబ్దుల్లాకు లండన్ హైకోర్టు ఉంది, వీళ్లకు లేదు. ఎంత పెట్టారు, ఏం వస్తుందనుకున్నారు, ఏ రోజున చాలనుకున్నారు, ఆ తర్వాత ఇంకో హీరోకు మారారా లేదా? ఇవి రాసుకోవాలి. వాళ్లలో కొందరు గల్ఫ్‌లో తేలే ఉంటారు. మనామాకు వెళ్లే విద్యార్థి శుక్రవారం వెళ్లాలి. మిగతా రోజుల్లో క్యాంపులో ఎవరూ దొరకరు.