విప్పేవాడికి డబ్బులిస్తాం, వెతికేవాడికి ఇవ్వం

ఒక బగ్ ఎక్కడుందో వెతకడానికి మనకి మూడు రోజులు పడుతుంది. సరిచేయడానికి ఒక్క లైను. ఆ మూడు రోజులకీ క్లయింటు డబ్బులిస్తాడు, ఇవ్వకపోతే మన మేనేజరు ఊరుకోడు. అదే మనం కారు తీసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళామనుకోండి, వెతికినందుకు పైసా ఇవ్వం. ఏ పార్టు మార్చాడో చూపిస్తేనే ఇస్తాం. పాత కార్లు నడిపేవాళ్ళ జేబులు ఎందుకు ఖాళీ అవుతున్నాయంటే, నా మటుకు నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

ఉదాహరణకి మా నాన్నగారి కారు సంగతే చెప్తా. 2011 మోడల్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ చిన్నకారు. రిజిస్ట్రేషన్‌కి 15 ఏళ్ళు నిండబోతున్నాయి. జబ్బేంటంటే, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను గజగజ వణుకుతుంది. ఆర్పీఎం ముల్లు 550, 600 దగ్గర ఊగుతుంది. ఏసీ వేస్తే ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. బెంజ్ సర్కిల్ దగ్గర వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే బండి ఆగిపోతే ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇది చిరాకుతో పోయే విషయం కాదండీ. బ్రేకు తేలిగ్గా పడేది ఇంజను ఇచ్చే వాక్యూమ్ వల్ల. ఇంజను ఆగిపోతే బూస్టర్లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్ళకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. స్టీరింగూ బరువెక్కుతుంది. మలుపులో నెమ్మదిగా దొర్లుతున్న బండిలో అరవై దాటిన మనిషికి ఇది జరగడం నాకు నచ్చదు.

మా ఊళ్ళో ఒక వర్క్‌షాపు వాళ్ళు నాలుగు నెలల్లో ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, ఒక ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. మొత్తం 6,800 అయింది. వణుకు మాత్రం పోలేదు. తర్వాత ఫ్యూయల్ పంపు అన్నారు, ఇంకో 9,000. చివరికి "ఇంజను పనైపోయింది మాస్టారూ, రెన్యువల్‌కి పెట్టే డబ్బు దండగ, అమ్మేయండి" అన్నారు. నాన్న అమ్మేద్దామనే నిర్ణయానికి వచ్చేశారు కూడా.

అసలు ఐడిల్ అంటే ఏంటో ఒక్క నిమిషం చూద్దాం. మామూలుగా వేడెక్కిన పెట్రోల్ ఇంజను 700 నుంచి 900 ఆర్పీఎం మధ్య నిలకడగా ఉండాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక్కో సిలిండరూ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. అంటే నాలుగు సిలిండర్లకి 750 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 1500, సెకనుకి 25 పేలుళ్ళు. అందులో ఒక సిలిండర్ మానేస్తే వణుకు లయ ప్రకారం వస్తుంది. నాలుగూ కలిసి నీరసపడితే ఆర్పీఎమ్మే కిందకి దిగుతుంది. ముల్లు కదలకుండా బాడీ మాత్రమే అదురుతుంటే అది ఇంజను రోగమే కాకపోవచ్చు, రబ్బరు మౌంటింగ్ అరిగి ఉండొచ్చు. చూశారుగా, పానా పట్టకుండానే మూడు దారులు వేరయ్యాయి.

ఇక ఐడిల్లో యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు కదా, థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజనుకి కావలసిన కాస్త గాలి ఆ సన్నని సందులోంచీ, పక్కనున్న ఐడిల్ కంట్రోల్ వాల్వులోంచీ వస్తుంది. ఏసీ కంప్రెసర్ పడగానే ఈసీయూ ఆ వాల్వుని ఇంకాస్త తెరిచి ఆర్పీఎం నిలబెడుతుంది. క్రాంక్‌కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిర్లు ఏళ్ళ తరబడి అక్కడ జిగురుగా, నల్లగా పేరుకుంటాయి. కాలు నొక్కి ప్లేటు తెరిచినప్పుడు ఆ పొర లెక్కలోకి రాదు. ఐడిల్లో మాత్రం ఆ సందే ప్రాణం.

ఇప్పుడు మనకి బాగా తెలిసిన పని చేద్దాం, లాగ్స్ చదువుదాం. నాన్న కార్లో ఓబీడీ పోర్టు ఉంది. ఓ చవక బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్లో ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. ఈసీయూ తాను వేసుకున్న లెక్క కన్నా పెట్రోలు ఎంత శాతం ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె అది. ఎయిర్ ఫ్లో మీటరున్న కార్లలో ఐడిల్లో ప్లస్ 10 దాటి, 2500 ఆర్పీఎం దగ్గర మామూలుకి వచ్చేస్తే ఎక్కడో గొట్టం చిరిగి దొంగగాలి వస్తోందని అనుమానించాలి. ఎందుకంటే ఐడిల్లో గాలే తక్కువ కాబట్టి లీకు వాటా పెద్దది, వేగం పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. తిరగబడి, వేగం పెరిగే కొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు సరిగ్గా అందట్లేదేమో అని చూడాలి. మీటరు కాకుండా మానిఫోల్డ్ ప్రెజర్ కొలిచే కార్లలో లీకుంటే చాలాసార్లు ఐడిల్ తగ్గదు, పైకి పోతుంది. నాన్న కారు ఈ రెండో రకమే. ఐడిల్ తక్కువ, ట్రిమ్ మామూలుగానే ఉంది. అంటే లీకు అనుమానం సగం పోయినట్టే.

మరి ఫ్యూయల్ పంపు? ఇంజను అతి తక్కువ పెట్రోలు తాగేది ఐడిల్లోనే. పంపు నీరసపడితే ముందు తెలిసేది ఎత్తు ఎక్కుతున్నప్పుడు. నాన్న కారు నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని కనకదుర్గ ఫ్లైఓవర్ దర్జాగా ఎక్కుతోంది. ఆ 9,000 రూపాయల పంపుని కొట్టిపారేయడానికి ఈ ఒక్క పరిశీలన చాలదూ?

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. నేను ఫోన్ చూపించబోతే "ఉండు బాబూ" అని చెవిపెట్టి విన్నాడు. ఒక్కో ఇంజెక్టరు కనెక్టరూ పీకి పెట్టాడు. నాలుగింటికీ ఆర్పీఎం ఒకేలా పడింది, అంటే ఏ సిలిండరూ చచ్చిపోలేదు. "మాస్టారూ, ఏసీ వెయ్యండి" అన్నాడు. ముల్లు పడింది, లేవలేదు. థ్రాటిల్‌ని వేలితో వెంట్రుకవాసి తెరిచాడు, ఇంజను చటుక్కున నున్నగా అయిపోయింది. "గాలాడట్లేదు, అంతే" అన్నాడు. థ్రాటిల్ బాడీ, వాల్వు విప్పితే లోపల దీపం మసి లాంటి పొర. క్లీనర్ కొట్టి తుడిచి బిగించాడు. కాసేపు ఐడిల్ ఎక్కువుంది, ఈసీయూ కొత్త సందుకి అలవాటు పడ్డాక 800 దగ్గర కుదురుకుంది.

1,200 అడిగాడు. క్లీనర్ డబ్బాకీ, గాస్కెట్‌కీ కలిపి 400 పోతే మిగతాది చూసినందుకు. అప్పుడు నాన్న అన్నమాట ఇది: "ఏమీ మార్చలేదు కదయ్యా, దేనికంత?"

6,800 మారుమాట లేకుండా కట్టిన మనిషేనండీ! ఎందుకంటే అప్పుడు చేతికి పాత ప్లగ్గులున్న కవరొచ్చింది. ఈసారి చేతికి ఏమీ రాలేదు, జబ్బు మాత్రం పోయింది.

నేను నాన్నని తప్పుపట్టట్లేదు, వర్క్‌షాపు వాళ్ళని దొంగలనీ అనట్లేదు. ఏ పనికి డబ్బులొస్తాయో ఆ పనే జరుగుతుంది. మెకానిక్ గంటసేపు ఆలోచిస్తే మనం ఇచ్చేది సున్నా. పార్టు మారిస్తే మార్జినూ వస్తుంది, లేబరూ వస్తుంది. మన కంపెనీలో కూడా "బగ్ వెతికినందుకు జీతం లేదు, సర్వర్ మారిస్తేనే" అని రూలు పెడితే రేపొద్దున మనమందరం సర్వర్లే మారుస్తాం :)

ఒక అభ్యంతరం న్యాయమైనదే. వెతకడానికయ్యే ఖర్చు కన్నా పార్టు చవకైతే మార్చి చూడటమే తెలివి. కిలోమీటర్లు దాటేసిన ప్లగ్గులు ఎలాగూ మార్చాల్సినవే. సరే, ఒప్పుకుంటా. కానీ పార్టు ఖరీదు వేలల్లోకి వెళ్ళినప్పుడు "మార్చి చూద్దాం" అన్నది వైద్యం కాదు, లాటరీ.

ఇంకో రకం చికిత్స ఉంది, అది మరీ ప్రమాదం. థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి ఆర్పీఎం పెంచేయడం. కార్బురేటర్ రోజుల్లో ఐడిల్ స్క్రూ తిప్పడం సక్రమమైన పనే. ఇంజెక్షన్ కార్లలో ఈ స్క్రూ ఫ్యాక్టరీలో సెట్ చేసింది. దాన్ని కదిలిస్తే థ్రాటిల్ మూసుందో తెరిచుందో చెప్పే సెన్సారు లెక్క తప్పుతుంది. ఎక్సెప్షన్‌ని పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే క్యాచ్ బ్లాక్ లాంటిది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది.

అందుకని ఈసారి పాత కారు తీసుకెళ్ళినప్పుడు మెకానిక్‌తో ఇలా చెప్పి చూడండి: "వెతికినందుకు ఇంత ఇస్తాను, ఏ పార్టూ మార్చకపోయినా సరే. కానీ ఎందుకు ఆ పార్టే అంటున్నావో నాకు చూపించాలి." మంచి మెకానిక్ అయితే మొహం వెలిగిపోతుంది. కాని వాడైతే "అదంతా కుదరదు సార్" అంటాడు. రెండో జవాబు వచ్చినా మీకు మంచిదే, తాళాలు ఇంకా మీ చేతిలోనే ఉంటాయి కదా.

నాన్న రెన్యువల్‌కి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నారు. ఆ పెద్దాయనకి 1,200 నేనే ఇచ్చాను, బేరం ఆడకుండా. గంటల లెక్కన జీతం తీసుకునేవాడిని, ఇంకొకడి గంటని బేరమాడటానికి నాకు నోరు రాలేదు. మీరేమంటారు?