హ్యాంగర్ తెలియని డిజిటల్ చదువు చాలదు

2009 సెప్టెంబరు 2 ఉదయం 8.38కి బేగంపేటలో లేచిన ముఖ్యమంత్రి హెలికాప్టర్ చిత్తూరు చేరలేదు. నల్లమలలో, మా గిద్దలూరు కొండలకు అవతల, పావురాల గుట్ట మీద కూలింది. వైఎస్ రాజశేఖరరెడ్డి సహా ఐదుగురు పోయారు. ఆ ప్రమాదం మీద మా కంభం టీకొట్ల దగ్గర ఇప్పటికీ రకరకాల కథలు నడుస్తాయి. ఆర్.కె. త్యాగి కమిటీ నివేదికలోని ఒక్క సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌లో తేడా కనిపించాక, అప్పుడేం చేయాలో చెప్పే పేజీ కోసం పైలట్లు చెక్‌లిస్ట్‌లో ఆరు నిమిషాలకు పైగా వెతికారు. ధ్యాసంతా దాని మీదే ఉండగా హెలికాప్టర్ క్యుములోనింబస్ మేఘంలోకి వెళ్లి, కిందికి తోసే గాలికి చిక్కింది.

కావలసిన పేజీ కావలసిన క్షణంలో చేతికి అందాలి. విమాన భద్రతలో డిజిటల్ మార్పు అంటే నాకు తెలిసినంతలో ఇదే. శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ రికార్డులు చూసే ఉద్యోగం నాది. మార్కాపురం నుంచీ గిద్దలూరు నుంచీ ఇంజినీరింగ్ పిల్లలు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: 'అన్నా, డేటా సైన్స్ కోర్సు చేస్తే ఏవియేషన్‌లోకి రావచ్చా?' చేయండి, మంచిదే. కానీ ముందు విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో నిలబడండి.

ఎందుకంటారా? నేను చూసిన ఒక చోట మాన్యువల్స్ అన్నీ ట్యాబ్‌లలోకి ఎక్కించారు. విమానం తోక వెనక మూలలో నెట్‌వర్క్ అందదు. గ్రీజు అంటిన గ్లవుజుతో తాకితే స్క్రీన్ కదలదు. దాంతో నైట్ షిఫ్ట్ టెక్నీషియన్ పేజీని ముందే ప్రింట్ తీసి, మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఈలోగా ఆ పేజీకి కొత్త రివిజన్ వస్తే? బోల్టు ఎంత బిగించాలన్న అంకె మారిపోతే? అతను బద్ధకస్తుడు కాడు, పని ఆగకూడదని అలా చేశాడు. ఆఫీసులో కూర్చుని యాప్ తయారుచేసినవాడికి ఆ జేబు కనిపించదు. ఆ టెక్నీషియన్ పక్కన ఒక్క రాత్రి నిలబడ్డవాడికి కనిపిస్తుంది. అలాంటివాడు కోడ్ కూడా రాయగలిగితే అతనికి పని వెతుక్కుంటూ వస్తుంది.

దేశానికి పలకలిచ్చిన ఊరు మార్కాపురం. పలక మీద తప్పు రాస్తే తుడిచేస్తాం. విమానం రికార్డులో తుడవకూడదు. ఒక్క గీత కొట్టి, పాత అక్షరం కనిపించేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. కంప్యూటర్‌లోకి మారినా అదే నియమం: ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో జాడ ఉండాలి. ఈ క్రమశిక్షణ ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సులో రాదు.

అది నేర్చుకునే దారి ఉంది. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లు ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్) శిక్షణలో చేరవచ్చు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే మాడ్యూల్ పరీక్షలు రాసి, పని అనుభవం చూపితేనే లైసెన్స్. బీ1లో ఇంజిన్లు, విమాన నిర్మాణం, బీ2లో ఏవియానిక్స్. కంప్యూటర్ల మీద మనసున్నవాళ్లకు బీ2 బాగా నప్పుతుంది. అలసిన మనిషి, హడావిడిలో ఉన్న మనిషి ఎలా పొరబడతాడో చెప్పే తొమ్మిదో మాడ్యూల్‌ని, హ్యూమన్ ఫ్యాక్టర్స్‌ని, చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా లెక్కలో భద్రతలో ఉద్యోగం కోరేవారికి అన్నిటికన్నా ముఖ్యం అదే. పరీక్షలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు మొదట తడబడతారు, కానీ మాన్యువల్ ఇంగ్లీషు చిన్న చిన్న వాక్యాల్లో ఉంటుంది, రోజూ చదివితే పట్టుబడుతుంది.

మన కాలేజీలను నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఏడాదికోసారి ఫైనలియర్ పిల్లల్ని ఒక హ్యాంగర్‌కు తీసుకెళ్లండి. ఇంటర్ కౌన్సెలింగ్‌లో ఈఏపీసెట్ పక్కన ఏఎంఈ మాట కూడా చెప్పండి. నీళ్లు లేక పొలం అమ్ముకుని ఫీజు కట్టే తల్లిదండ్రులున్న ప్రాంతం మనది. వాళ్లకు ఒక మాట. ఏజెంటు రంగుల బ్రోచర్ చూపించి అడ్వాన్స్ అడిగితే ఆగండి. ఆ శిక్షణ సంస్థకు సీఏఆర్-147 ఆమోదం ఉందా, అది ఏ విభాగానికి ఇచ్చారు, ఎప్పటివరకు చెల్లుతుంది అన్నవి డీజీసీఏ వెబ్‌సైట్ జాబితాలో స్వయంగా చూసుకున్నాకే రూపాయి తీయండి.