గట్టుమీది పలుకు



ఈ మాసము ఒక ఆటను గూర్చి వ్రాయబూనితిని. ఈ పుటలో వంటలు, వ్రతములు, పురాణ ప్రసంగములు చదువుట కలవడిన మీకిది వింతగా దోచవచ్చును. అమెరికాదేశమున ఆడు ఫుట్‌బాల్ ఆటలోని యొక కాపుదల పద్ధతి తాడిపత్రిలోని మా యింటి కెట్లు పనికివచ్చినదో వినుడు.

మా మామగారికి ఎనుబదియేండ్లు దాటినవి. రెండేండ్లుగా మతిమఱపు హెచ్చినది. ఒకనాటి సాయంకాలము వారు వీధి యరుగుమీద కూర్చుండిరి. తోడికోడలు చూచుచున్నదని నేను పెరటిలో నీళ్లు పట్టుకొనుచుంటిని. నేను చూచుచున్నానని ఆమె లోపల దీపము పెట్టుచుండెను. మావారు బడినుండి వచ్చి “నాయనగారేరి?” అని యడుగువఱకు అరుగు శూన్యమైనదని మే మెఱుగము. చీకటిపడిన పిదప పెన్న యొడ్డున బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ముంగిట, కాలికి చెప్పులైన లేక వారు కనబడిరి. ఆ రాత్రి మేమిరువురము ఒకరినొకరు నిందించుకొనలేదు. తప్పెవరిదో తెలిసిన గదా నిందించుట!

నా చెల్లెలి కుటుంబము టెక్సాసు రాష్ట్రములోని ఫ్రిస్కో పట్టణమున నున్నది. తెలుగువారు పెక్కండ్రు గల యూరది. డాలస్ కౌబాయ్స్ అను ప్రసిద్ధమైన జట్టు సాధనచేయు ప్రాంగణము 2016 నుండి అచ్చటనే యున్నది. అందలి 12,000 మంది పట్టు క్రీడాశాలలో ఊరి పాఠశాలల జట్లును ఆడును. చెల్లెలి కుమారు డట్టి పాఠశాల జట్టులోనివాడే. టెలిఫోనులో సంగతి విని వాడనిన మాట యిది: “పెద్దమ్మా! మీరు చోట్లు పంచుకున్నారు గాని, కేక వేసుకోలేదు.” దాని భావమేమని నేనడుగగా ఆటయంతయు విప్పి చెప్పెను.

ఆ యాటలో జట్టునకు 11 మంది. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. క్వార్టర్‌బ్యాక్ అను నతడు వెనుక నిలిచి, పరుగెత్తిపోవు తనవారిలో నొకనికి బంతి విసరును. అడ్డగించువారికి రెండు దారులు గలవు. మొదటిది మనిషికాపు: ఒక్కొక్కడు ఎదిరివాని నొక్కని నీడవలె వెంబడించును. రెండవది చోటుకాపు, దీనినే జోన్ అందురు. మైదానమును మడులుగా పంచుకొని ఎవని మడిని వాడు కాచును. ఆ మడిలోనికి వచ్చినవాడెవడైనను వాని పాలివాడే.

మైదానపు వెడల్పు 160 అడుగులు. కవర్ త్రీ అను నమరికలో సాధారణముగా నలుగురు బంతి విసరువానిపైకి దుముకుదురు. నలుగురు దగ్గఱి మడులను, మువ్వురు దూరపు మడులను కాతురు. అనగా దూరమున నొక్కొక్కనికి సుమారు 53 అడుగుల వెడల్పు. కవర్ టూ అను నమరికలో దగ్గఱ నైదుగురు, దూరమున నిద్దరే.

ఇందలి మేలేమి? మనిషిని వెంటాడువాడు తఱచు బంతికి వీపు త్రిప్పును. మాయపరుగులకు లోనై ఎచ్చటికో లాగబడును. చోటు కాచువాడు విసరువానినే చూచుచుండును. బంతి చేయి విడిచినంతనే చుట్టుపట్లవారందఱు దానివైపు చేరుదురు.

ఇక లోపమేమన, రెండు మడుల నడిమి గట్టు. కవర్ టూలో వెనుకనున్న యిద్దరి నడుమనో, కవర్ త్రీలో వెనుకటి మువ్వురి నడిమి సందులలోనో బంతి పడిన, “నీవు పట్టుదు వనుకొంటిని” అని ఒకరి మొగము నొకరు చూచుకొనవలసివచ్చును. కాలము చాలినంత దొరకిన ఎదిరివా రెట్టి యమరికలోనైనను సందు వెదకుకొందురు. అందుచేతనే ముందటి నలుగురు విసరువానిని తొందరపెట్టుట.

ఈ లోపమునకు మందు పలుకే. ఎదిరివాడొకడు తన మడి దాటిపోవుచున్నప్పుడు కాపరి కేకవేసి ప్రక్కవానికి తెలుపును. ప్రక్కవాడు వానిని చూచుకొనవలెను. మన చెడుగుడులో ఏడుగురును మూలలు, నడుమ పంచుకొని నిలుతురు. ప్రక్కప్రక్కవారు చేతులు పట్టుకొందురు గనుక సందు చేతికే తెలియును. ఆ విశాల మైదానమున చేతులందవు. కావున చేతిపని గొంతు చేయవలెను.

ఈ మాట నా మనస్సున నాటుకొన్నది. గుడికడ దొరకిన పిమ్మట నేను మొదట పట్టినది మనిషికాపే. నెలదినములు నీడవలె మామగారి వెంట దిరిగితిని. నాకు నిద్ర లేదు, పిల్లలకు వేళకు అన్నము లేదు. వారికిని రోసి, “నే నేమైన ఖైదీనా?” అని కన్నీరు పెట్టుకొనిరి. ఒక్కతె కాచు కాపు కాచువారిని, కాపాడబడువారిని గూడ అలయించును.

ఇపుడు చోట్లు పంచుకొంటిమి. అరుగును వీధివాకిలియు తోడికోడలివి. పెరడును నడవయు నావి. సంజవేళ చదువు గది పెద్దపిల్లది. రాత్రి పడక మావారిది. ఇంతవఱకు మునుపును ఉన్నదే. క్రొత్తది పలుకు. “మామగారు నీవైపు వచ్చుచున్నారు” అని ఒకరనవలెను. “నాకడ నున్నారు” అని రెండవవారు బదులు పలుకవలెను. ఆ బదులు వినబడువఱకు మొదటివారు కదలరాదు.

ఇంత సులువైన పని మాకేల తోచలేదు? “చూచుచున్నావా?” అని యడిగిన అనుమానించినట్లగునని నేను, “నేను చూచుచున్నాను” అని చెప్పిన గొప్ప చెప్పుకొన్నట్లగునని ఆమె, మర్యాదకొఱకు మౌనము వహించితిమి. ఆ మర్యాద నడిమి సందులోనుండియే మామగారు పెన్న యొడ్డునకు నడచిపోయిరి.

నెమ్మదిగా నడచు వృద్ధులున్న యిండ్లును, ప్రాకు బిడ్డలున్న యిండ్లును మనలో పెక్కులు. మీ యింట చోట్లు పంచియే యుండును. నడిమి గట్టుమీద పలుకున్నదా యని ఈ రాత్రియే విచారించుకొనుడు. ఎంత కాచినను సందులు మిగులును. మొన్న నొకసారి వాకిలి గడియ తీసిన చప్పుడైనది. “నాకడ నున్నారు” అని తోడికోడలు పలికెను. వెంటనే మామగారు, “ఇచ్చటనే యున్నానమ్మా” అని తామును బదులిచ్చిరి.