ఇల్లు విడిచి వ్రాయుట

వ్రాయవలెనన్న నేకాంతము కావలెనని పెద్దలందురు. కాని యేకాంతము దొరకిన పిదప వ్రాయుదమని కాచుకొని యుండువారిలో పెక్కండ్రు ఒక్క పుటయైన పూర్తి చేయరు. ప్రత్యేకమైన గదియు, బల్లయు, దీపమును గల విద్యార్థులు మనలో నెందఱు? కావున నలుగురు మసలు తావులందు వ్రాయ నేర్చుట మనకు విలాసము గాదు, అవసరము.

గత వేసవిలో నేను పరీక్షాపత్రములు దిద్దు పనిమీద రాజమహేంద్రవరమునకు పోయితిని. తిరుగు ప్రయాణమున బండి యాలస్యమగుటచే స్టేషనులో మూడు గంటలు కూర్చుండవలసి వచ్చెను. ఈ సంచికకు వ్యాసము వ్రాయుదమని పుస్తకము తెఱచితిని. మొదటి యరగంట యొక్క వాక్యమును సాగలేదు. ప్రక్కనున్న వృద్ధుడు తొంగిచూచి, "ఏమి వ్రాయుచున్నారు బాబూ, అర్జీయా?" యని యడిగెను. కాదంటిని. "అయినచో లెక్కలా?" యనెను. అదియును గాదనగా నన్ను జాలిగా చూచి యూరకుండెను. నా కలము కదలకపోవుటకు కారణము బండ్ల రొద కాదు, నన్నెవరో చూచుచున్నారను సిగ్గు. ఆ సిగ్గు తీరిన పిదప రెండు పుటలు వ్రాసితిని.

దీనివలన నాకు తోచినదేమనగా, మనలను పేరుపెట్టి పిలువని సద్దు మనకు విఘ్నము గాదు. ప్లాటుఫారమున వేయిమంది యఱచినను అది మన కొఱకు గాదు. ఇంటిలో పసిపాప మెల్లగా పిలిచినను లేవక తప్పదు. చిన్న పుస్తకమును, పెన్సిలును ఉన్న చాలును. చిత్తు బయట వ్రాసి, శుద్ధప్రతి యింట వ్రాసికొనవచ్చును.

పరస్థలమున వ్రాసినది తేలికయని తలపరాదు. పౌలు అపొస్తలుడు రోమీయులకు పంపిన పత్రిక, తాను గాయియు ఆతిథ్యమున నుండగా, తెర్తియు చేత వ్రాయించినదని దాని చివరి యధ్యాయమే తెలుపుచున్నది. మతవిషయమున మనతో పొత్తు కుదరని కార్లు మార్క్సు, స్వదేశమున నిలువ నీడలేక లండను చేరి, బ్రిటిషు మ్యూజియము పఠనశాలలో ఏండ్ల తరబడి కూర్చుండి చదివి వ్రాసికొని, 1867లో తన మహాగ్రంథపు ప్రథమ సంపుటమును వెలువరించెను. మన వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనమునకు ఎందఱో పరిశోధకులు దూరమునుండి వచ్చి, పాత పత్రికలు ముందిడుకొని వ్రాసికొనిరి.

అయినను ఒక యాక్షేపణ గలదు. స్టేషను, నదీతీరము, ఉద్యానవనము బాలురకు తెఱచియున్నట్లు బాలికలకు తెఱచియుండవు. ఒక బాలిక గోదావరి మెట్లమీద నొంటరిగా కూర్చుండి వ్రాసికొనుచుండిన, గంటలోపల నా వార్త యింటికి చేరును. నా తరగతిలో చక్కగా వ్రాయగల యొక బాలిక యీ యేడు వ్యాసమీయలేదు. ఏలయని యడుగగా, ఇంట నొకే గది యనియు, అందు ఆఱుగురమనియు చెప్పి తలవంచుకొనెను. ధైర్యముగా వీథిలో కూర్చుండి వ్రాయుమని యామెకు నేనెట్లు చెప్పగలను? నాకు ప్లాటుఫారమున దొరకిన రెండు గంటలు ఆమెకెచ్చట దొరకును?

కావున నా మనవి యిది. తుదిగంట మ్రోగిన పిదప మన పాఠశాలా గ్రంథాలయమును మఱియొక గంట తెఱచియుంచవలెను. అందొక బల్లను వ్రాయువారికే విడువవలెను. ఉపాధ్యాయులము వంతులచొప్పున కావలి యుందము; మొదటి వంతు నాది. ఏమి వ్రాయుచున్నావని అచ్చట నెవరును తొంగిచూచి యడుగరాదు. తల్లిదండ్రులును గంట యాలస్యముగా వచ్చిన కుమార్తెను కోపింపక, ఆమె పుస్తకములోని పుటలను చూచి సంతోషింపవలెను.

స్టేషనులోని వృద్ధునికి నేను కాదంటిని గాని, ఆయన యూహ సరియైనదే. నేను వ్రాసినది అర్జీయే. పెద్దలు దీనిని చిత్తగింతురుగాక.